మోకాలి మాట మాత్రం వింటారు

నెలలు నిండిన ఆడమనిషికి మన దగ్గర జబ్బు చెయ్యదు. చెయ్యడానికి వీల్లేదు. తలపోటు అంటే నిద్ర చాల్లేదు. కళ్ళు బైర్లు కమ్ముతున్నాయంటే నీరసం, దానిమ్మపండు తిను. కాళ్ళకు నీరు దిగిందంటే శుభం, కాన్పు సులువు. పక్కటెముకల కింద కుడివైపు మెలిపెడుతోందంటే గ్యాసు. రాత్రిళ్ళు అరిచేతులూ అరికాళ్ళూ దురదంటే కొబ్బరినూనె రాసుకో. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదంటే, మరి మోస్తున్నది రెండు ప్రాణాలాయె. బిడ్డ నిన్నటంత తిరగడం లేదంటే, లోపల చోటేదీ తిరగడానికి? ఇన్ని ఫిర్యాదులకూ సరిపోయే జవాబు ఒకటి అత్తగారి దగ్గరా, పక్కింటి పిన్నిగారి దగ్గరా, మెడలో స్టెతస్కోపు వేసుకున్న డాక్టరమ్మ దగ్గరా తయారుగా ఉంటుంది: "ఈ నెలల్లో ఇవన్నీ మామూలేనమ్మా."

ఎంబీబీఎస్‌కు ఐదున్నరేళ్ళు, ఆపైన పీజీకి మూడేళ్ళు. ఎనిమిదిన్నరేళ్ళు చదివి చివరికి మా అమ్మమ్మ బడి మెట్లెక్కకుండా చెప్పిన మాటే చెప్పేటట్టయితే, ఆ సీటుకు పోసిన డబ్బుతో మాగాణి కొనుక్కున్నా బాగుండేది. అమ్మమ్మ దగ్గర బీపీ మిషను లేదు. అది ఆవిడ తప్పు కాదు.

ఈ 'మామూలు' చిట్టాను ఒకసారి డాక్టర్లు పరీక్షలు రాసి పాసైన పుస్తకాల పక్కన పెట్టి చూడండి. ఇరవయ్యో వారం దాటాక బీపీ 140/90కి ఎక్కి, మూత్రంలో అల్బుమిన్ పోతుంటే అది ప్రీఎక్లాంప్సియా. అది ముదిరిందని చెప్పే గుర్తులేమిటయ్యా అంటే, మాత్ర వేసినా తగ్గని తలపోటు, కళ్ళ ముందు మెరుపులు, చూపు మసక, డొక్కలో కుడివైపు నొప్పి. అంటే పిన్నిగారు కొంత నీరసం ఖాతాలోనూ కొంత గ్యాసు ఖాతాలోనూ జమ వేసినవే. ఆ కుడివైపు నొప్పి కాలేయం వాచి, దాని మీది పొర సాగడం వల్ల పుట్టేది. దానికి మనవాళ్ళు గులాబీ రంగు సీసా ఒకటి రాసిచ్చి, అన్నం తిన్నాక రెండు చెంచాలు తాగమంటారు. కాలేయం ఆ గులాబీ రంగు చూసి మురిసిపోయి వాపు తగ్గించుకుంటుందని కాబోలు.

ఇందులోనే ఇంకా ప్రమాదకరమైన రూపం ఒకటుంది. 1982లో లూయీ వైన్‌స్టీన్ అనే అమెరికా డాక్టరు దానికి హెల్ప్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. ఎర్రకణాలు చితికిపోతాయి, కాలేయం ఎంజైములు పెరిగిపోతాయి, ప్లేట్‌లెట్లు లక్ష కిందికి జారతాయి. కొందరిలో బీపీ పెద్దగా పెరగకుండానే ఇదంతా జరిగిపోతుంది. మొదట్లో ఆమె చెప్పేది ఇంతే: ఒంట్లో బాగాలేదు, వికారంగా ఉంది, ఇక్కడ నొప్పిగా ఉంది. ఒక్క రక్తపరీక్ష చేయిస్తే బయటపడుతుంది. చేయించకపోయినా బయటపడుతుంది, కాకపోతే పోస్టుమార్టంలో.

కొబ్బరినూనె దురదకూ ఓ కథ ఉంది. దద్దుర్లేమీ లేకుండా, రాత్రయ్యేసరికి అరిచేతుల్లో, అరికాళ్ళల్లో దురద మొదలైతే పైత్యరసం సరిగా పారక రక్తంలో పేరుకుంటోందేమో చూడాలి. అది బాగా పెరిగితే తల్లికి దురదతో పోతుంది, బిడ్డ మాత్రం కడుపులోనే ప్రాణం పోగొట్టుకోవచ్చు. పడుకుంటే ఆయాసం, రెండు మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే గానీ నిద్ర పట్టకపోవడం, చివరి నెలలోనో కాన్పయిన కొద్ది నెలల్లోనో గుండె కండరం నీరసించిపోయే జబ్బు కావచ్చు. ఒక్క కాలే వాచి పిక్క సలుపుతుంటే నరంలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఇక బిడ్డకు 'చోటు చాలకపోవడం' అనే సిద్ధాంతం ఉంది చూశారూ, దానికి మాత్రం ఏ పుస్తకంలోనూ చోటు లేదు. నెలలు నిండాక కదలిక తీరు మారుతుందే తప్ప తగ్గదు. తగ్గితే రేపటిదాకా ఆగకుండా ఆ పూటే వెళ్ళి చూపించుకోవాలి.

నిజమే, మామూలు తలపోటూ ఉంటుంది, మామూలు గ్యాసూ ఉంటుంది. కాళ్ళు వాచిన వాళ్ళల్లో చాలామంది సుఖంగా కని ఇంటికొస్తారు. ఏది మామూలో ఏది కాదో తేల్చడానికే కదా డాక్టరు. కౌంటరు దగ్గర కట్టించుకునే ఫీజు ఆ తేల్చడానికే. తేల్చకుండా మామూలనడానికి పిన్నిగారు ఉన్నారు, ఆవిడ కాఫీ కూడా ఇస్తుంది.

ఆ మధ్య మా చెల్లెలికి తోడుగా ఒక నర్సింగ్ హోముకు వెళ్ళాను. పేరెందుకు, మీ ఊళ్ళోనూ అలాంటిది ఉంది. గోడ మీద నీలి కళ్ళ దొరల పిల్లాడి బొమ్మ, దాని కింద ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా మనవాళ్ళు. సిస్టరు ఒక్కొక్కరినీ పిలిచి తూకం మిషను ఎక్కిస్తోంది, చీటీ మీద బరువు రాస్తోంది, పక్క గడిలో 120/80 అని వేస్తోంది. ఎవరి చేతికీ పట్టీ కట్టింది లేదు. పొడుగ్గా ఉన్నామెదీ 120/80, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చినామెదీ 120/80.

"సిస్టర్, బీపీ చూడలేదు కదా?" అన్నాను.

"మిషను లోపల ఉందండీ. మేడమ్ చూస్తారు."

లోపల మేడమ్ చీటీ చూశారు. "బీపీ నార్మలే," అన్నారు.

ఆ గదిలోకి ఇద్దరు ముగ్గుర్ని కలిపి పంపుతారు, టైము కలిసొస్తుందని. మాకు ముందున్న పిల్లకు ఇరవై రెండేళ్ళుంటాయేమో. తొమ్మిదో నెల. సీమంతానికి తొడిగిన పచ్చ గాజులు మణికట్టు దగ్గర ఇరుక్కుపోయి కదలడం లేదు. కాళ్ళకు మగవాళ్ళ రబ్బరు చెప్పులు, మొగుడివే అయ్యుంటాయి. తన చెప్పుల్లో ఆ పాదాలు దూరవు. పక్కన అత్తగారు, వెనకాల ఫైలు పట్టుకుని భర్త.

"ఏమ్మా, ఎలా ఉంది?"

"రెండ్రోజుల్నుంచీ తలపోటు మేడమ్. కళ్ళ ముందు..."

"రాత్రి పన్నెండింటిదాకా ఫోను మేడమ్," అంది అత్తగారు. "చెప్తే వినదు."

"ఫోను తగ్గించమనండి," అన్నారు డాక్టరమ్మ అత్తగారితో. "తింటోందా?"

"ఏం తింటుంది మేడమ్, రెండు ముద్దలు."

"కళ్ళ ముందు మిణుకు మిణుకుమంటూ..." అని ఆ పిల్ల మళ్ళీ మొదలెట్టింది.

"స్కానింగ్ ఏదీ?" భర్త ఫైలందించాడు. "బేబీ బాగుంది. ఉమ్మనీరు బాగుంది. కంగారేం లేదు. ఇవన్నీ మామూలే."

మా చెల్లెలికి నోరెక్కువ. "మేడమ్, ఏమనుకోకండి, ఆ అమ్మాయికి ఒకసారి బీపీ చూస్తారా?" అంది. డాక్టరమ్మ మొహం మాడ్చుకుని, మమ్మల్ని త్వరగా వదిలించుకోవడానికే అన్నట్టు సొరుగులోంచి మిషను తీసి పట్టీ కట్టారు. పాదరసం 170 దగ్గర కొట్టుకోవడం మొదలెట్టింది. మళ్ళీ గాలి కొట్టారు. మళ్ళీ అంతే. గదిలో హడావుడి మొదలైంది. బెడ్ అన్నారు, ఇంజెక్షన్ అన్నారు, ల్యాబ్ కుర్రాణ్ణి కేకేశారు. ఈ హడావుడిలో డాక్టరమ్మ అత్తగారి వైపు తిరిగి అన్న మాట నేను చచ్చినా మర్చిపోను:

"ఇంత తలపోటుంటే ముందే చెప్పొద్దూ?"

ఆ పిల్లా బిడ్డా క్షేమంగా ఇల్లు చేరారని తర్వాత తెలిసింది. నోరెక్కువైన మరో రోగి పక్కన ఉండటం మీద ఆధారపడిన వైద్య విధానం మనది. ప్రతి గర్భిణికీ ఇలాంటి పక్క టోకెను దొరకదు.

బీపీ చూడటం బ్రహ్మవిద్య కాదు. ఐదు నిమిషాలు కూర్చోనివ్వాలి, వీపుకు ఆనుడుండాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, పట్టీ చేతి లావుకు తగ్గది కావాలి, చొక్కా చేతుల మీంచి కట్టకూడదు. 140/90 వస్తే కాసేపాగి మళ్ళీ చూడాలి, 160/110 దాటితే గంట తిరక్కుండా మందు పడాలి. సీమంతానికి వేసిన షామియానా అద్దె పాటి ఖరీదు చెయ్యని మిషను. లక్షల ఖరీదు చేసే స్కానింగు మిషను మీద ఉన్న భక్తి దీని మీద లేకపోవడానికి కారణం బహుశా అదే. పైగా స్కానింగు చూసేది బిడ్డను. తల్లి తన తల పగిలిపోతోందని చెబితే 'బేబీ బాగుంది' అని జవాబిస్తారు. ఇంటాయన తనకు గుండెనొప్పిగా ఉందని చెబితే కిరాయివాళ్ళు బాగానే ఉన్నారండీ అన్నట్టు.

1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు అమెరికాలో డాక్టర్ల గదుల్లో సంభాషణలు రికార్డు చేసి, రోగి బాధ చెప్పుకోవడం మొదలెట్టాక డాక్టరు ఎంతసేపటికి అడ్డొస్తున్నాడో లెక్కగట్టారు. సగటున 18 సెకన్లు. మన కాన్పుల ఆసుపత్రిలో ఈ లెక్క చదివి వినిపిస్తే ఎవరూ నమ్మరు. పద్దెనిమిది సెకన్లా! అదీ రోగి తానే మాట్లాడిందా? మధ్యలో అత్తగారు లేరా? మన దగ్గర గర్భిణి కుర్చీలో కూర్చుంటుంది, ఆమె ఆకలి గురించి అత్తగారు చెబుతారు, నిద్ర గురించి భర్త చెబుతాడు, ఓపిక గురించి కన్నతల్లి చెబుతుంది, బిడ్డ గురించి స్కానింగు చెబుతుంది. వీటన్నిటి తర్వాత ఇంకేమైనా టైము మిగిలితే డాక్టరమ్మ ఆమె వైపు చూసి, "ఏమ్మా, మాట్లాడవేం?" అంటారు. ఆపరేషను కాగితం మీద సంతకం కూడా చాలాచోట్ల భర్తదే. పొట్ట ఆమెది, కోత ఆమెది, సంతకం ఆయనది.

అంతమాత్రం చేత ఆసుపత్రి ఎవరి మాటా వినదనుకుంటే పొరపాటే. పంతులుగారి మాట వింటుంది. ఆ మాట మాత్రం అడ్డురాకుండా చివరిదాకా వింటుంది. తెల్లవారుజామున నాలుగూ యాభై రెండుకు లగ్నం కుదిరింది, ఆ నిమిషానికి బిడ్డ బయట పడాలంటే, మూడున్నరకల్లా థియేటర్ దీపాలు వెలుగుతాయి. మత్తు డాక్టరు కారేసుకుని వస్తాడు. సిస్టర్లు గోడ గడియారాన్ని పంతులుగారి ఫోనుతో సరిచూసుకుంటారు. అదే నాలుగూ యాభై రెండుకు ఇంకో గదిలో ఇంకో ఆమె తలపోటు భరించలేక బెల్లు నొక్కితే, డ్యూటీ డాక్టరు ఇప్పుడే పడుకున్నారు, పొద్దున రౌండ్స్‌లో చెప్పమ్మా అంటారు. తలపోటుకు ముహూర్తం పెట్టించుకోకపోవడం ఆమె చేసిన పొరపాటు.

లెక్కలు చెబితే గానీ నమ్మనివాళ్ళ కోసం: 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటులో అయితే 81.5. ఆంధ్రప్రదేశ్ ప్రైవేటులో 63. దేశం మొత్తం మీద 21.5. సిజేరియన్లు నూటికి పది దాటాక, ఇంకా పెంచినకొద్దీ తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఒక దశలో తెలంగాణలో అధికారులే పురోహితుల్ని పిలిచి కూర్చోబెట్టి, బాబ్బాబూ కోతలకు ముహూర్తాలు పెట్టకండని బతిమాలుకున్నారు. డాక్టర్లకు చెబితే వినరని వాళ్ళకు అర్థమైపోయి ఉంటుంది. వేళకు చేసిన సిజేరియన్ ప్రాణం నిలబెడుతుంది, ప్రీఎక్లాంప్సియా ముదిరితే బిడ్డను బయటికి తియ్యడమే అసలు వైద్యం, అందులో అనుమానం లేదు. కోసేవాళ్ళకు మన దగ్గర కొరత లేదు, కరువల్లా ఎవరికి ఎప్పుడు కొయ్యాలో తెలుసుకోవడానికి ఆ మనిషినే అడిగేవాళ్ళకు.

ప్రభుత్వాలు చెప్పుకునే లెక్క ఇంకోటుంది. 2018-20లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 అయితే ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. హోర్డింగు మీద వేసుకోదగ్గ అంకెలే, కాదనను. కేరళ 19 అన్నది మాత్రం ఆ హోర్డింగు మీద పట్టలేదు.

మన దగ్గర గర్భిణి మాట వినరు అనగానే అమెరికాలో పిల్లలున్నవాళ్ళు కాస్త జాలిగా నవ్వుతారు. అక్కడ అలా ఉండదండీ, గంటసేపు మాట్లాడతారు అంటారు. 2017 సెప్టెంబరులో టెన్నిస్ రాణి సెరీనా విలియమ్స్ సిజేరియన్ అయిన మర్నాడు ఊపిరాడక, నాకు ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు ఉండి ఉంటాయి, సీటీ స్కాన్ తియ్యండి, హెపారిన్ పెట్టండి అని నోరు విప్పి చెప్పింది. అంతకుముందే ఒకసారి ఆ జబ్బు వచ్చి బతికిన మనిషి. నొప్పి మందు తలకెక్కి ఏదో మాట్లాడుతోందనుకుంది నర్సు. ముందు కాళ్ళకు అల్ట్రాసౌండ్ తీశారు, ఏమీ లేదన్నారు. ఆ తర్వాత సీటీ తీస్తే గడ్డలు ఊపిరితిత్తుల్లోనే ఉన్నాయి, ఆమె చెప్పిన చోటే. ఇరవై మూడు సింగిల్స్ గ్రాండ్ స్లామ్‌లు గెలిచి, జబ్బు పేరు, పరీక్ష పేరు, మందు పేరు మూడూ తానే చెప్పినామెకు ఇది మర్యాద. 2016 రియో ఒలింపిక్స్‌లో 4×100 మీటర్ల రిలే బంగారు పతకం గెలిచిన నలుగురిలో ఒకరైన ఆలిసన్ ఫీలిక్స్‌కు 2018లో ప్రీఎక్లాంప్సియా వచ్చి ముప్ఫై రెండో వారంలోనే ఆపరేషను చెయ్యాల్సి వచ్చింది. ఇంకొకరు టోరీ బోవీ. 2023లో ఎనిమిదో నెలలో ఒంటరిగా ఇంట్లోనే చనిపోయింది. కారణాల్లో ఎక్లాంప్సియా ఒకటి కావచ్చని శవపరీక్ష చెప్పింది.

2020లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 'ఆమె మాట వినండి' అని ఏకంగా ఒక ప్రచారోద్యమమే మొదలుపెట్టింది. చెవులున్న డాక్టర్లకు వినమని చెప్పడానికి ప్రభుత్వ ఖజానా డబ్బు. ఇంగ్లాండులో ష్రూస్‌బరీ, టెల్ఫర్డ్ ఆసుపత్రుల మీద విచారణ చేసిన డోనా ఓకెండెన్ 2022లో నివేదిక ఇస్తూ, వైద్యం సరిగ్గా చేసి ఉంటే 201 మంది పిల్లలూ 9 మంది తల్లులూ బతికి ఉండేవారేమోనని తేల్చింది. కుటుంబాలు మొత్తుకున్నా ఏళ్ళ తరబడి వినలేదన్నది అందులో పదే పదే వచ్చే మాట. కాబట్టి దొరల్ని చూసి నేర్చుకోవడానికి ఇక్కడేమీ లేదు. పైగా డాలస్‌లో పురుడు పొయ్యడానికి ఆవకాయ జాడీతో విమానమెక్కిన అమ్మగారు అక్కడి నర్సుకు సాయంగా ఉంటారు: "మా రోజుల్లో మేమూ ఓర్చుకున్నామమ్మా." డాక్టరు ఇంగ్లీషులో తీసిపారేస్తాడు, అమ్మ తెలుగులో.

ఆడవాళ్ళు ముందే పసిగట్టడం, పెద్దలు తర్వాతెప్పుడో ఒప్పుకోవడం కొత్త కాదు. 1840లలో వియన్నా పెద్దాసుపత్రిలో రెండు కాన్పు వార్డులుండేవి. ఒకటి డాక్టర్లది, రెండోది మంత్రసానులది. వచ్చిన గర్భిణులు, డాక్టర్ల వార్డులో చేరితే పురిటి జ్వరం వచ్చి చచ్చిపోతామని మోకాళ్ళ మీద పడి, రెండో వార్డులో వెయ్యమని ఏడ్చేవారు. కొందరు లోపలికి పోకుండా వీధిలోనే కనేవారు. పిచ్చి భయం అనుకున్నారు పెద్దలు. 1847లో సెమ్మెల్‌వైస్ లెక్కలు తీసి చూస్తే, శవాలు కోసిన చేతులు సరిగా శుభ్రం కాకుండానే వచ్చి కాన్పులు చేస్తున్నది డాక్టర్లే. ఆయన మాట కూడా వినలేదనుకోండి, అది వేరే కథ.

డాక్టర్ల బాధలు నాకు తెలియనివి కావు. 2016 నుంచి నెల నెలా తొమ్మిదో తారీఖున ప్రభుత్వాసుపత్రిలో గర్భిణుల పరీక్షల రోజు పెట్టారు. ఆ రోజు మండలం మొత్తం ఒక్క వరండాలో ఉంటుంది, డాక్టరొక్కరు. ముప్ఫై ఆరు గంటలు నిద్ర లేకుండా డ్యూటీ చేసే పీజీ పిల్లలున్నారు. వాళ్ళు వినలేదంటే వినడానికి ఒంట్లో ఓపిక లేకపోవచ్చు. తీరిక లేని చెవి వేరు, ఏసీ గదిలో ఫీజు పుచ్చుకుని మూసుకున్న చెవి వేరు. నిజం చెప్పాలంటే ప్రతిసారీ చేతికి పట్టీ కట్టి, మూత్రంలో పట్టీ ముంచి చూసి, ఉన్న అంకే కార్డు మీద వేసే మనిషిని నేను చూసింది ఒక ఉపకేంద్రంలో. ఆమె ఏఎన్‌ఎం. ఆమె గదిలో ఫ్యాను కూడా సరిగా తిరగదు.

ఇక ఇంటివాళ్ళ సంగతి. ఒక గర్భిణి పోయిందనుకోండి, బతికున్నప్పుడు ఆమె తలపోటు గురించి చెప్పబోతే ఆపింది వీళ్ళే. డాక్టరుగారికి ఎదురు చెప్పకు, ఊరికే విసిగించకు, రాత్రిపూట ఆసుపత్రి అంటే ఎవరు తిరుగుతారు, పొద్దున చూద్దాం. పొద్దున్నే ఫిట్స్ వస్తాయి. పల్లెల్లో గుర్రపువాతం అంటారు, కొన్ని ఇళ్ళల్లో అప్పుడు కూడా ముందు నిమ్మకాయ తిప్పుతారు. నర్సింగ్ హోమువాళ్ళు ఓ తెల్ల కాగితం మీద రెండు ముక్కలు గీకి, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంటారు. అంబులెన్సు వెళ్తుంది. కబురొస్తుంది. అప్పుడు మాత్రం రెండు ట్రాక్టర్ల జనం దిగుతారు. ఆమె మొహం కూడా సరిగా తెలియని మేనమామ కొడుకులు అద్దాలు పగలగొడతారు, టీవీ మైకు ముందు గుండెలు బాదుకుంటారు, సాయంత్రానికి పెద్దమనుషులు కూర్చుని సెటిల్‌మెంట్ చేస్తారు. ఇంతమంది గొంతుల్లో ముందు రోజు ఒక్క గొంతు లేచి "మేడమ్, దీనికి బీపీ చూడండి" అని ఉంటే అద్దాలు మిగిలేవి. ఆమె కూడా. ఈ దాడులకు భయపడే మేం ముందు జాగ్రత్తగా కోసేస్తున్నాం అంటారు డాక్టర్లు. కొయ్యండి, కాదనను. ముందు పట్టీ కట్టి చూసి కొయ్యండి.

ఫిట్స్ రాకుండా ఆపే మందు కొత్తదా, ఖరీదైనదా? కాదు. మెగ్నీషియం సల్ఫేట్, అరలో దుమ్ము పట్టే చవక ఉప్పు. 2002లో మ్యాగ్‌పై పరిశోధన 33 దేశాల్లో పదివేల మంది గర్భిణుల మీద దాన్ని పరీక్షించి, ఫిట్స్ ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని తేల్చింది. నాలుగు గ్రాములు నరానికి, ఐదేసి గ్రాములు రెండు పిరుదులకూ. పై ఆసుపత్రికి పంపే ముందు ఏఎన్‌ఎం కూడా కండరానికి మొదటి మోతాదు ఇచ్చి పంపవచ్చు. మందు ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది కాబట్టి, తర్వాతి మోతాదు ఇచ్చే ముందు మూడు చూస్తారు: ఊపిరి, మూత్రం, మోకాలు. రబ్బరు సుత్తితో మోకాలి చిప్ప కింద తడతారు. కాలు ఎగిరిందా, సరే. ఎగరలేదా, మందు ఆపేస్తారు, విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ సిద్ధం చేస్తారు.

అంటే ఆమె మోకాలు చెప్పింది వెంటనే వింటారు. అది చెప్పినదాన్ని బట్టి వైద్యం మారుస్తారు, టైముతో సహా రాసి పెడతారు. మోకాలికి కొన్ని సౌకర్యాలున్నాయి మరి. అది ఫోను చూడదు. అత్తగారిని తోడు తెచ్చుకోదు. దాన్ని ఎవరూ టెన్షన్ పడకమ్మా అనలేరు.

నోటి మాట కూడా వింటారండోయ్, కాకపోతే దానికి ఇంకా ఆలస్యంగా ముహూర్తం ఉంది. గర్భిణి గానీ బాలింత గానీ చనిపోతే సర్కారుకు ఇరవై నాలుగు గంటల్లో కబురు వెళ్ళాలి. తర్వాత ఉద్యోగులు ఇంటికొచ్చి, చాప మీద కూర్చుని, ఓ ఫారం తీస్తారు. అందులో ప్రశ్నలు వరసగా ఉంటాయి. తలనొప్పి ఉండేదా? కాళ్ళకు నీరు వచ్చిందా? బీపీ పెరిగిందా? రక్తం పోయిందా? బిడ్డ కదలడం లేదని చెప్పిందా? ఫిట్స్ వచ్చాయా? ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చిందా? చలిజ్వరం వచ్చిందా? ఎంత మంచి ప్రశ్నలు! ఎంత వివరంగా, ఎంత ఓపిగ్గా! ఈ ఫారం తయారు చేసినవాళ్ళకు అన్నీ తెలుసు. ఇదే కాగితాన్ని తొమ్మిదో నెలలో, కుర్చీలో కూర్చున్న మనిషి ముందు పెట్టి టిక్కులు పెట్టమంటే మూడు నిమిషాల పని. అత్తగారు కూడా ఈసారి అడ్డురారు. "రెండ్రోజుల్నుంచీ తలపోటనేదయ్యా" అని, మొట్టమొదటిసారి కోడలు చెప్పింది చెప్పినట్టు ఒప్పజెబుతారు.

ఏం చేద్దామంటారు? చట్టాలు తెమ్మని అడగను, కమిటీలు వెయ్యమని అడగను. ఉన్న కమిటీలకే కుర్చీలు చాలడం లేదు. ఆసుపత్రుల్లో సంతకాలంటే అందరికీ గౌరవం కాబట్టి ఒక కాగితం మాత్రం కొత్తగా అచ్చేయిద్దాం. ఇన్నాళ్ళూ సంతకాలు మనవి, ఈసారి సంతకం వాళ్ళది. అందులో ఇలా ఉంటుంది: 'ఈమె తనకు తగ్గని తలపోటు ఉందని, చూపు మసకబారుతోందని, డొక్కలో నొప్పి అని నాతో చెప్పింది. నేను విన్నాను. బీపీ ఇంత, నా చేత్తో చూశాను. మూత్రంలో అల్బుమిన్ ఇంత. ప్లేట్‌లెట్లు ఇన్ని. ఇవన్నీ చూసి, ఇది మామూలే అని నిర్ణయించాను.' కింద పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, టైము.

తోడు వెళ్ళేవాళ్ళు ఆ కాగితం పట్టుకెళ్ళండి. గొడవ పడొద్దు, గొంతు పెంచొద్దు. డాక్టరమ్మ మామూలే అనగానే, "అలాగే మేడమ్, ఆ మాటే దీని మీద రాసి ఓ సంతకం పెట్టండి" అని మర్యాదగా పెన్ను అందించండి. ఆవిడ పెన్ను పుచ్చుకుంటారు. కాగితం చదువుతారు. బీపీ గడి దగ్గర ఆగుతారు. పెన్ను మూత పెట్టేసి, గుమ్మం వైపు తిరిగి, "సిస్టర్, ఆ మిషను ఇలా పట్రా" అని కేకేస్తారు.